దృశ్య కార్యస్మృతిలో అవధానం: నిలుపుదలా? ప్రాధాన్య నిర్ణయమా?

వ్యాస సంగ్రహం

ఎదుట లేని దృశ్యాన్ని కొన్ని సెకన్లపాటు మనసులో నిలుపుకొని దానితో పని చేయగల శక్తిని దృశ్య కార్యస్మృతి అంటారు. ఈ నిలుపుదలకు అవధానమే ఆధారమన్న అభిప్రాయం మనోవిజ్ఞానంలో చాలాకాలంగా బలంగా ఉంది. 1960 నాటి స్పెర్లింగ్ ప్రయోగాల నుంచి ఇటీవలి నాడీశాస్త్ర పరిశోధనల వరకు లభించిన ఆధారాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రవేశం, నిలుపుదల, వినియోగం అనే మూడు దశల్లోనూ అవధానం చేసే పని ఒకటి కాదనీ, నిలుపుదల దశలో దాని ముఖ్యమైన పని ప్రాధాన్యాన్ని నిర్ణయించడమనీ వివరిస్తుంది. స్మృతికి గుర్తులుగా భావించిన మెదడు సంకేతాల్లో కొన్ని నిజానికి అవధానానికి గుర్తులు కావచ్చునన్న వాదాన్ని, దానిపై వచ్చిన ఆక్షేపణలను చర్చిస్తుంది.

కీలక పదాలు: అవధానం, దృశ్య కార్యస్మృతి, పశ్చాత్సూచన, ప్రాధాన్యం, నిశ్శబ్ద స్మృతి, సినాప్స్.

1.0 ప్రవేశిక

తరగతిలో నల్లబల్ల మీది పటాన్ని పుస్తకంలో గీసుకొనే విద్యార్థి చూపు బల్లకూ పుస్తకానికీ మధ్య పలుమార్లు తిరుగుతుంది. ఒక్క చూపుతో పటమంతా మనసుకు ఎక్కదు. రెండు మూడు గీతలు, వాటి దిశ, వాటి మధ్య దూరం మాత్రమే పట్టుబడతాయి. తల వంచి వాటిని కాగితం మీద పెట్టేలోగా అవి మనసులో నిలవాలి. ఇలా ఎదుట లేని సమాచారాన్ని కొద్దికాలం అందుబాటులో ఉంచి, దానితో పని చేయనిచ్చే వ్యవస్థను మనోవిజ్ఞానం వర్కింగ్ మెమొరీ అంటుంది. ఈ వ్యాసంలో దానికి కార్యస్మృతి అన్న పదం వాడడమైనది.

విద్యార్థి ఆ గీతలను ఎలా నిలుపుకొన్నాడని అడిగితే 'శ్రద్ధ పెట్టాడు కాబట్టి' అన్న సమాధానమే సాధారణంగా వస్తుంది. ఈ సమాధానంలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. చూస్తున్నప్పుడు శ్రద్ధ పెట్టడం ఒకటి. చూపు మరలిన తరువాత కూడా లోలోపల ఆ గీతల మీదనే శ్రద్ధను నిలిపి ఉంచడం మరొకటి. మొదటిదాని అవసరం విషయంలో పరిశోధకుల మధ్య పెద్ద భేదాభిప్రాయం లేదు. రెండోది లేకుండా స్మృతి నిలుస్తుందా అన్నదే వివాదాంశం.

అవధానం అనగానే తెలుగు పాఠకులకు అష్టావధానం స్ఫురిస్తుంది. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటి అంశాల మధ్య తిరుగుతూ, అప్రస్తుత ప్రసంగాన్ని తట్టుకొంటూ, అవధాని చివరకు పద్యాలన్నిటినీ ధారణ చేస్తాడు. ఒక పృచ్ఛకునికి బదులిస్తున్న క్షణంలో మిగిలిన పద్యపాదాలు ఆయన ధ్యాసలో ఉండవు. అయినా అవి పోవు. వంతు వచ్చినప్పుడు తిరిగి వస్తాయి. ధ్యాసలో లేనిది స్మృతిలో ఏ రూపంలో ఉంది అన్నదే ఇక్కడి ప్రశ్న కూడా. ఈ పోలికకు ఒక హద్దు ఉంది. అవధాని ధారణకు ఛందస్సు, అర్థం, దీర్ఘకాలిక స్మృతి అండగా ఉంటాయి. ఈ వ్యాసంలో చర్చించేది రంగులు, గీతల దిశల వంటి దృశ్యాంశాలను కొన్ని సెకన్లపాటు నిలుపుకోవడం. ఈ తేడా ఆరో భాగంలో మళ్లీ అవసరమవుతుంది.

2.0 ప్రవేశ దశ: ఏది లోపలికి రావాలి?

1960లో జార్జ్ స్పెర్లింగ్ ప్రచురించిన ప్రయోగాలు ఈ చర్చకు పునాది వేశాయి. నాలుగేసి అక్షరాల చొప్పున మూడు వరుసల్లో ఉన్న 12 అక్షరాలను 50 మిల్లీసెకన్లపాటు చూపి, చూసినవన్నీ చెప్పమంటే ప్రయోగార్థులు నాలుగైదు అక్షరాలకు మించి చెప్పలేకపోయారు. అక్షరాలు మాయమైన వెంటనే ఒక ధ్వని వినిపించి, దాని స్థాయిని బట్టి పై వరుసనో, నడిమి వరుసనో, కింది వరుసనో మాత్రమే చెప్పమన్నప్పుడు, ఏ వరుస అడిగినా నాలుగింట సుమారు మూడు చెప్పగలిగారు. ఏ వరుస అడుగుతారో ముందుగా తెలియదు కాబట్టి ఆ క్షణంలో మొత్తం మీద తొమ్మిది వరకు అక్షరాలు అందుబాటులో ఉన్నాయని అర్థం. ధ్వనిని సుమారు ఒక సెకను ఆలస్యం చేస్తే ఆ లాభం దాదాపు పోయింది. దృశ్యం కంటి ముందు నుంచి తొలగిన తరువాత విశాలమైన, కానీ త్వరగా చెరిగిపోయే ఛాయ ఒకటి మిగులుతుందని, అందులోంచి అవధానం ఎంచినది మాత్రమే మరింత స్థిరమైన స్మృతిలోకి చేరుతుందని ఈ ఫలితాల ఆధారంగా ఒక అవగాహన ఏర్పడింది.

ఆ స్థిరమైన స్మృతి పరిమితిని 1997లో స్టీవెన్ లక్, ఎడ్వర్డ్ వోగెల్ మార్పు గుర్తింపు పరీక్షతో కొలిచారు. కొన్ని రంగు చతురస్రాలను 100 మిల్లీసెకన్లు చూపి, సుమారు ఒక సెకను విరామం తరువాత మళ్లీ చూపుతారు. ఏదైనా ఒకదాని రంగు మారిందో లేదో చెప్పాలి. మూడు నాలుగు చతురస్రాల వరకు జవాబులు దాదాపు తప్పు లేకుండా వచ్చాయి. సంఖ్య పెరిగినకొద్దీ తప్పులు పెరిగాయి. 2001లో నెల్సన్ కోవన్ వివిధ రంగాల ఆధారాలను సమీక్షించి, ఈ పరిమితి సుమారు నాలుగు అంశాలని ప్రతిపాదించాడు. ఈ పరిమితిని విడివిడి గదులుగా భావించాలా, అంశాలన్నీ పంచుకొనే ఒకే వనరుగా భావించాలా అన్న చర్చ ఇప్పటికీ సాగుతోంది.

ఇంత చిన్న చోటులోకి ఏది రావాలో నిర్ణయించడం అవధానం చేసే మొదటి పని. 2005లో వోగెల్, ఆయన సహచరులు ప్రకటించిన ఈఈజీ అధ్యయనం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఎర్ర గీతలను గుర్తుంచుకోవాలి, నీలి గీతలను వదిలేయాలి అని ప్రయోగార్థులకు చెప్పారు. విరామ కాలంలో తల వెనుక భాగాన నమోదయ్యే ఒక విద్యుత్ సంకేతం స్మృతిలో ఉన్న అంశాల సంఖ్యను బట్టి పెరుగుతుందని అంతకు ఏడాది ముందే వోగెల్, మచిజావా చూపారు. అధిక స్మృతి సామర్థ్యం ఉన్నవారిలో రెండు ఎర్ర గీతలతో రెండు నీలి గీతలు కలిపి చూపినా, ఆ సంకేతం రెండు అంశాలకు తగినంతే ఉంది. తక్కువ సామర్థ్యం ఉన్నవారిలో అది నాలుగు అంశాలకు తగినంత పెరిగింది. అంటే వారి స్మృతిలోకి అక్కరలేనివి కూడా చేరిపోయాయి. తక్కువ సామర్థ్యంగా కనిపించేదానిలో కొంత నిజానికి వడపోత లోపమన్నమాట.

3.0 నిలుపుదల దశ: అవధానమే ఆధారమన్న వాదం

ప్రవేశించిన సమాచారం విరామ కాలంలో ఎలా నిలుస్తుంది? 1974లో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ ప్రతిపాదించిన నమూనాలో శబ్ద సమాచారానికి, దృశ్య స్థల సమాచారానికి వేర్వేరు నిల్వలు, వాటి మీద అజమాయిషీ చేసే కేంద్ర నిర్వాహక వ్యవస్థ ఉన్నాయి. ఫోను నంబరును లోలోపల వల్లె వేసుకొంటూ నిలుపుకోవచ్చు. రంగును గాని, గీత వాలును గాని అలా వల్లె వేయడం కుదరదు. మరి దృశ్యానికి వల్లెవేత వంటిది ఏది?

1998లో ఆహ్, జోనైడ్స్, రాయిటర్ లోరెంజ్ ఇచ్చిన సమాధానం అవధానం. ఒక స్థానాన్ని గుర్తుంచుకొన్న వ్యక్తి అవధానం విరామ కాలంలో ఆ స్థానం వైపే మొగ్గి ఉంటుందని, వేరే చోటికి బలవంతంగా మళ్లించే పని ఇస్తే స్థానస్మృతి దెబ్బతింటుందని వారి ప్రయోగాలు చూపాయి. బారూయే, కామోస్‌ల సిద్ధాంతం దీన్ని మరింత విస్తృతంగా చెప్పింది. దాని ప్రకారం అవధానం తొలగిన ప్రతి అంశం క్షీణించడం మొదలుపెడుతుంది. అవధానం దొరికిన చిన్న చిన్న ఖాళీల్లో తిరిగి వచ్చి ఒక్కొక్కదాన్ని తాజాపరుస్తుంది.

నాడీశాస్త్రం నుంచి కూడా ఈ వాదానికి బలం చేకూరింది. 1971లో ఫుస్టెర్, అలెగ్జాండర్‌లు ఒకవైపు, కుబోటా, నికి మరోవైపు కోతుల ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో విరామ కాలమంతా ఆగకుండా స్పందించే న్యూరాన్లను గుర్తించారు. 1989లో ఫునహాషి, బ్రూస్, గోల్డ్‌మన్ రాకిచ్ ఒక్కొక్క న్యూరాను ఒక్కొక్క స్థానానికి ప్రత్యేకంగా స్పందిస్తుందని చూపారు. ఎదుట ఏమీ లేనప్పుడు కొనసాగుతున్న ఈ స్పందనే స్మృతికి భౌతిక రూపమని విస్తృతంగా అంగీకరించారు. అవధానం కొనసాగితే స్పందన కొనసాగుతుంది, స్పందన కొనసాగితే స్మృతి నిలుస్తుంది అన్న చక్కని వరుస ఏర్పడింది. తరువాతి పరిశోధనలు ప్రశ్నించినది ఈ వరుసనే.

4.0 పశ్చాత్సూచన: లోపలి దృశ్యం మీద అవధానం

దృశ్యం రాకముందే 'ఎడమవైపు చూడు' అని సూచించడం పూర్వసూచన. దృశ్యం పోయిన తరువాత, స్పెర్లింగ్ చెప్పిన ఛాయ కూడా చెరిగిపోయేంత వ్యవధి గడిచాక 'ఎడమవైపు ఉన్నదానినే అడుగుతాం' అని సూచించడం పశ్చాత్సూచన. చూడడానికి అప్పుడు కంటి ముందు ఏమీ ఉండదు. అయినా పశ్చాత్సూచన జవాబుల కచ్చితత్వాన్ని పెంచుతుందని 2003లో గ్రిఫిన్, నోబ్రె ఒక పత్రంలోనూ, లాండ్‌మన్, స్పెక్రైసె, లామ్ మరో పత్రంలోనూ విడివిడిగా చూపారు. బయటి వస్తువుల మధ్య ఎంపిక చేసినట్టే అవధానం స్మృతిలోని అంశాల మధ్య కూడా ఎంపిక చేయగలదని దీంతో స్పష్టమైంది.

ఈ లోపలి ఎంపిక ఎంత వాస్తవమైనదో 2019లో వాన్ ఎడె, చెక్రూడ్, నోబ్రె చేసిన పరిశీలన తెలుపుతుంది. స్మృతిలోని ఒక అంశాన్ని ఎంచుకొన్నప్పుడు, తెర మీద ఏమీ లేకపోయినా, ఎక్కడ ఉండేదో ఎవరూ అడగకపోయినా, ప్రయోగార్థుల చూపు అది ఇదివరకు ఉన్న చోటు వైపు అతి స్వల్పంగా మొగ్గింది.

పశ్చాత్సూచన వల్ల లాభం ఎలా కలుగుతుందన్నదానికి ఒకటికి మించిన వివరణలున్నాయి. సూచించిన అంశం క్షీణించకుండా ఆగవచ్చు. ఆ తరువాత వచ్చే కొత్త దృశ్యాల తాకిడి నుంచి రక్షణ పొందవచ్చు. అక్కరలేని అంశాలు తొలగిపోయి దానికి చోటు పెరగవచ్చు. లేదా జవాబు చెప్పడానికి అది ముందే సిద్ధంగా ఉండవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ 'అవధానం లేకుంటే స్మృతి లేదు' అని నిరూపించదు. అవధానం పొందిన అంశానికి మేలు జరిగిందన్న మాట వేరు, పొందనిది నశించిందన్న మాట వేరు.

5.0 అవధానం మళ్లినా స్మృతి నిలవడం

ఈ రెండో విషయాన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగాలున్నాయి. 2001లో వుడ్‌మన్, వోగెల్, లక్ ప్రయోగార్థుల దృశ్య స్మృతిని వస్తువులతో నింపి, విరామ కాలంలో తెర మీద ఒక గుర్తును వెతికే పని ఇచ్చారు. వెతకడానికి అవధానం అవసరం. స్మృతి నిండి ఉన్నా అంశం వెంట అంశం వెతికే వేగం తగ్గలేదు. నిలుపుదలకు నిరంతర అవధానమే కావాలంటే ఈ రెండు పనులూ ఒకదాన్నొకటి అడ్డుకొని ఉండాలి. అయితే 2004లో వుడ్‌మన్, లక్, అదే ఏడాది ఓ, కిమ్ స్థానాలను గుర్తుంచుకొమ్మన్నప్పుడు వెతుకులాట నిజంగానే మందగించింది. ఆహ్ బృందం కనుగొన్నది స్థానస్మృతికి బాగా వర్తిస్తుందని, రంగు, ఆకారం వంటి వాటికి అదే స్థాయిలో వర్తించదని ఈ రెండింటినీ కలిపి చూస్తే తెలుస్తుంది.

2013లో హాలింగ్‌వర్త్, మాక్సీ రిచర్డ్ మరో అడుగు ముందుకు వేశారు. ఒక అంశం ముఖ్యమైనదని సూచించి, ఆ తరువాత అవధానాన్ని పూర్తిగా ఆక్రమించే వెతుకులాట పెట్టారు. పని ముగిశాక కూడా సూచించిన అంశానికి కలిగిన లాభం చెక్కుచెదరలేదు. అదే ఏడాది రెర్కో, ఒబెరావర్ వరుసగా వేర్వేరు అంశాలను సూచించే పశ్చాత్సూచనలు ఇచ్చారు. మొదట ఒకదాని మీదికి, వెంటనే మరోదాని మీదికి అవధానాన్ని మళ్లించినా రెండోది అందుబాటులోనే ఉంది. రెండో సూచన కూడా లాభమిచ్చింది. మొదటి సూచనతో పక్కకు తప్పుకొన్న అంశం నశించిపోయి ఉంటే ఇది జరగదు.

ఈ ఫలితాలకు ఒబెరావర్ 2002లోనే ప్రతిపాదించిన చట్రం సరిపోతుంది. కార్యస్మృతిలో కొన్ని అంశాలు నేరుగా అందుకోగల పరిధిలో ఉంటాయి. వాటిలో ఆ క్షణపు పనికి ఎంపికైన ఒకటి మాత్రమే అవధాన కేంద్రంలో ఉంటుంది. మిగిలినవి స్మృతి వెలుపల లేవు. కేంద్రం వెలుపల ఉన్నాయి. ఈ చట్రంలో అవధానం అంశాలను పడిపోకుండా పట్టుకొని ఉండే చేయి కాదు, ఇప్పుడు దేనితో పని అన్నది తేల్చే ఏర్పాటు.

6.0 మెదడు సంకేతాలు దేనిని చూపుతున్నాయి?

2009లో హారిసన్, టాంగ్ విరామ కాలంలో ఎఫ్ఎంఆర్ఐ ద్వారా ప్రాథమిక దృశ్య వల్కలపు స్పందనలను విశ్లేషించి, వ్యక్తి గుర్తుంచుకొన్న గీతల వాలును అంచనా వేయగలిగారు. అదే ఏడాది సెరెన్సెస్ బృందం ఇటువంటి ఫలితాన్నే ప్రకటించింది. దృశ్యాన్ని చూసే ప్రాంతాలే దాన్ని గుర్తుంచుకోవడంలోనూ పాల్గొంటాయన్న భావన దీంతో బలపడింది. ఈ ప్రయోగాల్లో చదవగలిగింది వ్యక్తి గుర్తుంచుకొంటూ, అదే సమయంలో అవధానం కూడా పెట్టిన అంశాన్ని. ఈ రెండింటినీ వేరు చేస్తే ఏమవుతుందన్న ప్రశ్న మిగిలింది.

2012లో లూయిస్ పీకాక్, డ్రైస్‌డేల్, ఒబెరావర్, పోసల్ వేరు చేసి చూశారు. రెండు అంశాలను గుర్తుంచుకొన్న తరువాత, మొదట అడగబోయేది ఏదో సూచించారు. రెండో అంశాన్ని కూడా తరువాత అడగవచ్చు కాబట్టి దాన్ని మరవకూడదు. సూచించిన అంశపు జాడ మెదడు స్పందనల్లో కొనసాగింది. సూచించనిదాని జాడ ఏమీ లేని స్థాయికి పడిపోయింది. ఆ తరువాత రెండో సూచన దాని వైపు మళ్లగానే జాడ మళ్లీ కనిపించింది. ప్రయోగార్థులు సరిగానే జవాబిచ్చారు. స్పందన లేనప్పుడు కూడా స్మృతి ఉందన్నమాట. అలాగైతే విరామ కాలంలో కనిపించే స్పందనను స్మృతి రూపమని చెప్పిన చోటల్లా అది అవధానపు రూపం అయి ఉండే అవకాశాన్ని పరిశీలించవలసి వచ్చింది.

జాడ లేనప్పుడు స్మృతి ఎక్కడ ఉంది? 2008లో మొంగిల్లో, బరాక్, సోడిక్స్ సిద్ధాంతపరంగా ఒక మార్గం చూపారు. న్యూరాన్లు స్పందించినప్పుడు సినాప్స్‌ల వద్ద కాల్షియం నిల్వ పెరిగి, ఆ అనుసంధానాలు కొద్దికాలం బలంగా ఉంటాయి. స్పందన ఆగినా ఆ బలం సెకను స్థాయిలో మిగిలి ఉంటుంది. తరువాత చిన్న ప్రేరణ తగిలినా అదే తీరు స్పందన తిరిగి లేస్తుంది. దీనినే నిశ్శబ్ద స్మృతి అనవచ్చు. 2016లో రోజ్ బృందం తలపై ఒక్క అయస్కాంత ప్రేరణ ఇచ్చినప్పుడు, అవధానం పొందని అంశపు జాడ కొద్దిసేపు తిరిగి కనిపించింది. ఆ అంశంతో ఇక పని లేదని తెలిసిన తరువాత ఇచ్చిన ప్రేరణకు అది కనిపించలేదు. 2017లో వోల్ఫ్, యోకిమ్, అక్యూరెక్, స్టోక్స్ తెర మీద అర్థంలేని ఒక మెరుపు ఆకారాన్ని చూపి, దానికి మెదడు ఇచ్చే ఈఈజీ ప్రతిస్పందనలో దాగిన అంశాన్ని చదవగలిగారు.

6.1 ఆక్షేపణలు

నిశ్శబ్ద స్మృతి వాదం వివాదరహితం కాదు. మూడు ఆక్షేపణలు ముఖ్యమైనవి. మొదటిది, జాడ కనిపించకపోవడం జాడ లేకపోవడం కాదు. 2017లో ష్నీగన్స్, బేస్ ఒక గణిత నమూనాతో, స్పందన బలహీనపడి కొనసాగినా కొలత పద్ధతి దాన్ని పట్టుకోలేకపోవచ్చని, తరువాత అది తిరిగి కనిపించడాన్ని కూడా దానితోనే వివరించవచ్చని చూపారు. రెండోది, వెతికిన చోటు సరైనది కాకపోవచ్చు. 2018లో క్రిస్టోఫెల్ బృందం అవధానం పొందని అంశాల జాడలను పార్శ్వ, లలాట ప్రాంతాల్లో గుర్తించింది. దృశ్య వల్కలంలో మాత్రం అవధానం పొందినవే స్పష్టంగా కనిపించాయి.

మూడోది మౌలికమైనది. 2021లో బ్యూకర్స్, ఆయన సహచరులు నిశ్శబ్ద స్మృతి అన్నది కార్యస్మృతే కాకపోవచ్చని, ధ్యాస తొలగిన అంశం దీర్ఘకాలిక స్మృతిలో ఒక ఘటనగా నమోదై అక్కడి నుంచి తిరిగి వస్తుండవచ్చని వాదించారు. అవధాని ధారణ గురించి మొదట చెప్పిన హద్దు ఇక్కడ అక్కరకు వస్తుంది. వంతు వచ్చినప్పుడు తిరిగి వచ్చిన ప్రతిదీ ఒకే నిల్వలో నుంచి వచ్చిందని అనుకోవడానికి వీలు లేదు. తిరిగి రావడం చూసి నిల్వ స్వభావాన్ని తేల్చలేం.

ఈ ఆక్షేపణలు నిశ్శబ్ద స్మృతి అనే వివరణను సందేహిస్తాయి. అవధాన కేంద్రం వెలుపల ఉన్న అంశం కూడా నిలుస్తుందన్న ప్రవర్తనాపరమైన ఫలితాన్ని మాత్రం కొట్టివేయవు. అది ఏ రూపంలో, ఏ ప్రాంతంలో నిలుస్తుందన్నదే తేలవలసి ఉంది.

7.0 అన్వయం

ఈ చర్చ ప్రయోగశాలకు పరిమితమైనది కాదు. ఒక విద్యార్థి దృశ్య స్మృతి పరీక్షలో తక్కువ మార్కులు పొందితే, అతని నిల్వ చిన్నదని నిర్ధారించడం సులభం. కానీ ఆ నష్టం మూడు చోట్ల జరగవచ్చు: అక్కరలేనివి లోపలికి చేరడం వల్ల, చేరినవి విరామంలో చెదరడం వల్ల, ఉన్నవాటిలో కావలసినదాన్ని సమయానికి ముందుకు తెచ్చుకోలేకపోవడం వల్ల. ఒకే మొత్తం అంకె ఈ మూడింటినీ వేరు చేయదు. పరీక్షను రూపొందించే పరిశోధకులు పరిహరింపదగిన అంశాలతో ఒక విభాగాన్ని, పూర్వసూచనతో ఒకదాన్ని, పశ్చాత్సూచనతో మరొకదాన్ని చేర్చితే ఈ తేడాలు బయటపడే అవకాశం ఉంటుంది.

బోధనకు సంబంధించి ఒక జాగ్రత్త అవసరం. రంగు చతురస్రాల ప్రయోగాల నుంచి తరగతి గదికి సూత్రాలను నేరుగా దించుకోలేం. అయినా వడపోత పరిశోధనలు చెప్పే ఒక విషయాన్ని అధ్యాపకులు పరీక్షించి చూడవచ్చు. పాఠానికి అవసరం లేని అలంకారాలు నిండిన పటం, వడపోత బలహీనంగా ఉన్న విద్యార్థులకే ఎక్కువ భారమవుతుందా? ఇది తెలుగు మాధ్యమ తరగతుల్లో సైతం తక్కువ పరికరాలతో చేయగల అధ్యయనం.

పరిభాష విషయంలోనూ ఒక స్పష్టత కావాలి. తెలుగు పాఠ్యగ్రంథాల్లో అవధానం, శ్రద్ధ, ఏకాగ్రత, ధ్యాస అన్న పదాలు పర్యాయాలుగా దొర్లుతుంటాయి. లోపలికి అనుమతించడం, లోపల ఒకదానికి ప్రాధాన్యమివ్వడం అన్న రెండు పనులను వేరుచేసి చెప్పకపోతే, 'శ్రద్ధ లేదు కాబట్టి గుర్తులేదు' అన్న తీర్పు శాస్త్ర వివరణగా చలామణి అవుతుంది.

8.0 ముగింపు

దృశ్య కార్యస్మృతిలోకి ఏది రావాలో అవధానం నిర్ణయిస్తుందన్నదానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. లోపలికి వచ్చినవాటిలో ఆ క్షణపు పనికి ఏది కావాలో కూడా అదే నిర్ణయిస్తుంది; పశ్చాత్సూచన ప్రయోగాలు దీన్ని నిలబెట్టాయి. ప్రతి అంశమూ విరామమంతా అవధానం పట్టుకొని ఉంటేనే నిలుస్తుందన్న వాదం మాత్రం స్థానస్మృతికి కొంతమేర సరిపోయినా, దృశ్య స్మృతి మొత్తానికి సరిపోదు. విరామ కాలపు మెదడు స్పందనను చూసి 'ఇదే స్మృతి' అని రాసే ముందు, ఆ ప్రయోగంలో గుర్తుంచుకోవడాన్నీ అవధానం పెట్టడాన్నీ వేరు చేశారా అని చూడాలి. వేరు చేయని చోట ఆ స్పందన ఈ రెండింటిలో దేనికి చెందినదో తేలలేదన్నంతవరకే చెప్పగలం.